సంతకం పెట్టకముందే ఒకసారి రా

చిరంజీవి బుజ్జికి,

నువ్వు ఉద్యోగం మానేసి తెలుగు పాటల యాప్ పెడుతున్నావని నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్లో చెప్పింది. పొద్దున్నే టీ కొట్టు దగ్గర నలుగురికీ చెప్పుకున్నాను. బెజవాడ బీసెంట్ రోడ్డులో పాతికేళ్లు క్యాసెట్లు అమ్మినవాడి మేనకోడలు మళ్లీ పాటల వ్యాపారంలోకే వస్తోందంటే గర్వంగా ఉండదా! కానీ మధ్యాహ్నం మీ అమ్మ ఇంకో మాట చెప్పింది. ఏదో ఆడియో కంపెనీ తన పాటలు ఇవ్వడానికి, జనం విన్నా వినకపోయినా కట్టాల్సిన మినిమమ్ గ్యారంటీ కింద 40 లక్షలు ముందే అడుగుతోందట. అప్పటినుంచి అన్నం సహించలేదు.

మంచి ఆడిటర్‌ని పెట్టుకో. ఏడాది ఇంటి ఖర్చు పక్కన పెట్టుకో. ఇవి నీకు తెలిసినవే.

2004 కృష్ణా పుష్కరాలప్పుడు నువ్వు నాలుగో తరగతి. భక్తి పాటల క్యాసెట్లకి కృష్ణా, గుంటూరు జిల్లాల హక్కు నేను తీసుకున్నాను. అమ్ముడైనా కాకపోయినా 3 లక్షలు కట్టాలని కాయితం. చదివాను, అర్థమైంది, అయినా సంతకం పెట్టాను. అంతమంది స్నానాలకి వస్తారు, ఇంటికో క్యాసెట్ పట్టుకెళ్లరా అనుకున్నాను. జనం వచ్చారు. దుర్గా ఘాట్ దగ్గర మైకుల్లో పొద్దస్తమానం నా పాటలే. నిలబడి మరీ విన్నారు. కొనుక్కున్నవి మాత్రం ఫుట్‌పాత్ మీద ఎంపీత్రీ సీడీలు, ఒక్కోదాంట్లో వంద పాటలు. 12 రోజులూ అయ్యేసరికి కొట్లో 4 వేల క్యాసెట్లు మిగిలాయి. కంపెనీవాళ్లు ఒక్క రూపాయి తగ్గించలేదు. మీ అత్తయ్య నానుతాడు తీసి నా చేతిలో పెట్టింది. ఒక్క మాటైనా అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది. అది విడిపించడానికి మూడేళ్లు పట్టింది. ఆ మూడేళ్లూ పెళ్లిళ్లకి పసుపుతాడుతోనే వచ్చేది. "అత్తా, నీ గొలుసేదీ?" అని ఒకసారి నువ్వే అడిగావు. గుర్తుందా?

వినేవాళ్లు పెరిగితే డబ్బు దానంతటదే వస్తుందని నువ్వూ అనుకుంటున్నావేమో. పాటల యాప్ స్పాటిఫైని చూడు. 2006లో స్వీడన్‌లో పుట్టింది. ఏడాది మొత్తానికి లాభం మొదటిసారి కళ్లజూసింది 2024లో. దానికి ముందు 2023 డిసెంబర్‌లోనే దాదాపు ఆరుగురిలో ఒక ఉద్యోగిని ఇంటికి పంపింది. వచ్చే ప్రతి వందలో సుమారు 70 పాటల హక్కుదారులకే పోతాయి. చందాలు పెరిగితే వాళ్లకిచ్చేదీ పెరుగుతుంది. మిగిలిన 30లోనే సర్వర్లు, జీతాలు, ప్రకటనలు అన్నీ. మనవాళ్లేమో యూట్యూబ్‌లో ఊరికే వింటారు. ఎయిర్‌టెల్ అండ ఉన్న వింక్ పాటల యాప్ కూడా 2024లో మూతపడింది. ఆపిల్, గూగుల్ వాళ్లకి పాటల్లో పోతే ఇంకో వ్యాపారంలో వస్తుంది. నీకేముందే తల్లీ? మీ నాన్న కట్టిన ఆ ఇల్లు తప్ప!

కోప్పడుతున్నాననుకోకు. బడి నుంచి రాగానే కౌంటర్ మీద కూర్చుని, ఊడిపోయిన టేపుని పెన్సిల్‌తో చుట్టి ఇచ్చేదానివి. ఒక్కటి కూడా మెలిపడేది కాదు. అలాంటి పిల్లని పాటలు వదిలెయ్యమని నేనెలా అంటాను? కంపెనీల పాటలన్నీ అద్దెకి తెచ్చుకోకుండా, నీవంటూ కొన్ని పాటలతో చిన్నగా మొదలుపెట్టు. నాజర్ గారు పుట్టిన గుంటూరు జిల్లాలో బుర్రకథ చెప్పేవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లతో మంచి రికార్డింగులు చేయించు. డబ్బు చేతికిచ్చి, రాబోయే దాంట్లో వాళ్ల వాటా ఎంతో కాయితం మీద తెలుగులోనే రాయించు. మనకి జరిగింది వాళ్లకి జరగకూడదు. వాళ్ల ఊళ్లకి నేను కూడా వస్తాను, మోకాళ్లు బాగానే ఉన్నాయి.

శుక్రవారం సాయంత్రం శాతవాహన ఎక్కు. స్టేషన్‌కి నేనే వస్తాను. ఆ కంపెనీ కాయితాలు సంతకం లేకుండా సంచిలో వేసుకుని రా, ఇద్దరం కూర్చుని చదువుదాం. అత్తయ్య గోంగూర పప్పు చేస్తానంది.

మీ మామయ్య