ఆలివ్‌లా, టొమాటో జ్యూసా? ముందు ఆ క్రియాటినిన్ సంగతి చూడండి

ప్రశ్న: నా వయసు 54. హైదరాబాద్ కొత్తపేటలో ఉంటాం. ఆరేళ్లుగా బీపీకి టెల్మిసార్టాన్ వాడుతున్నాను. గుండెకు మంచివని మా అమ్మాయి ఆకుపచ్చ ఆలివ్‌ల సీసా తెచ్చింది. నేనేమో రెండు నెలలుగా రోజూ పొద్దున పెద్ద గ్లాసు టొమాటో జ్యూస్ తాగుతున్నాను. బీపీ 130కి దిగడంతో మాత్ర సగమే వేసుకుంటున్నాను. మోకాళ్లు మరీ నొప్పి పెడితే మెడికల్ షాపులో ఇచ్చే మాత్ర వాడతాను. పోయినేడాది కిడ్నీల పనితీరు చూసే రక్తపరీక్షలో క్రియాటినిన్ 1.6 వచ్చింది. ఈ రెండింటిలో దేంట్లో పోషకాలు ఎక్కువ?

సలహా: పోషకాల సంగతి త్వరగా చెప్పేస్తాను, అసలు మాట తర్వాత ఉంది. 100 గ్రాముల ఆకుపచ్చ ఆలివ్‌లలో సుమారు 145 కేలరీలు, 15 గ్రాముల కొవ్వు ఉంటాయి. ఆ కొవ్వులో ఎక్కువ భాగం ఓలిక్ ఆమ్లం. గుండెకు మంచిదని మీ అమ్మాయి విన్నది దాని గురించే. అంతే టొమాటో జ్యూస్‌లో 17 కేలరీలే. కొవ్వు దాదాపు ఉండదు. విటమిన్ సి, టొమాటోకి ఎరుపునిచ్చే లైకోపీన్, పొటాషియం మాత్రం బాగా ఉంటాయి. టొమాటోను ఉడికించి, కాస్త నూనె తగిలిస్తే ఆ లైకోపీన్ ఒంటికి ఇంకా బాగా పడుతుంది. ఆ లెక్కన మన టొమాటో పప్పు కూడా తక్కువదేం కాదు.

ఆలివ్ పచ్చిగా నోట్లో పెట్టుకోలేనంత చేదు. అందుకే ఉప్పునీళ్లలో ఊరబెడతారు. సీసా తిప్పి లేబుల్ మీద సోడియం ఎంతుందో చూడండి. 100 గ్రాములకు 1500 మిల్లీగ్రాముల వరకూ ఉండొచ్చు. పది కాయలు తింటే 500 దాకా లోపలికి వెళ్లినట్టే. రోజు మొత్తానికి 2000 లోపే ఉండాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. ఆవకాయ, అప్పడం ఉన్న ఇంట్లో ఆ కోటా మధ్యాహ్నం భోజనంతోనే అయిపోతుంది.

ఇప్పుడు నాకు టెన్షన్ పెట్టిన విషయం. మీ వయసు మగవాళ్లలో క్రియాటినిన్ 1.6 అంటే కిడ్నీల పనితీరు సగానికి పడిపోయి ఉండే అవకాశం ఉంది. ఏడాదిగా మళ్లీ పరీక్ష చేయించినట్టు మీరు రాయలేదు. టెల్మిసార్టాన్ మంచి మందే, కానీ అది రక్తంలో పొటాషియాన్ని కొంత పెంచుతుంది. పెద్ద గ్లాసు టొమాటో జ్యూస్‌తో మరో 500 మిల్లీగ్రాములకు పైగా పొటాషియం చేరుతుంది. కిడ్నీ దాన్ని సరిగ్గా బయటికి పంపలేకపోతే గుండె లయ తప్పొచ్చు. ఇంట్లో లో సోడియం ఉప్పు వాడుతుంటే అదీ ఆపండి. అందులో మామూలు ఉప్పు కొంత తగ్గించి పొటాషియం క్లోరైడ్ కలుపుతారు.

అన్నిటికన్నా నాకు భయం ఆ మోకాళ్ల మాత్రతోనే. నా దగ్గరికి వచ్చేవాళ్లు కవర్లోంచి కత్తిరించిన స్ట్రిప్ ముక్క తీసి టేబుల్ మీద పెడతారు. పేరున్న వైపు షాపులోనే ఉండిపోయి ఉంటుంది. చాలాసార్లు అది డైక్లోఫెనాక్ లేదా ఎసిక్లోఫెనాక్ అయి ఉంటుంది. ఈ రకం మాత్రలు కిడ్నీకి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి, బీపీని పెంచుతాయి. టెల్మిసార్టాన్‌తో కలిస్తే దెబ్బ ఇంకా గట్టిగా తగలొచ్చు. నొప్పి తగ్గింది కదా అని మీరు అనుకుంటారు, కిడ్నీ మాత్రం చాలాకాలం నోరు విప్పదు. దయచేసి ఈరోజే ఆపేయండి.

బీపీ 130 రావడం జ్యూస్ మహిమ అని మీరే తేల్చేసి మాత్ర సగం చేశారు. కోప్పడుతున్నానని అనుకోకండి. ఆరేళ్లుగా వాడుతున్న మందును ఒక డాక్టర్‌ని అడగకుండా ఎలా తగ్గించారండీ? రిపోర్టులు చూడకుండా డోసు ఎంత ఉండాలో నేనిక్కడ చెప్పలేను, చెప్పకూడదు కూడా. మీకు మందు రాసిన డాక్టర్‌ని రేపే కలవండి. క్రియాటినిన్, పొటాషియం, మూత్రంలో అల్బుమిన్ పరీక్షలు అడగండి. ఖర్చు గురించి ఆలోచిస్తుంటే, దగ్గర్లోని బస్తీ దవాఖానాలో రక్తం ఇస్తే తెలంగాణ డయాగ్నస్టిక్స్‌లో ఉచితంగా పరీక్షిస్తారు. కాళ్లకు నీరు పట్టిందేమో తెలియడానికి, సాయంత్రం చీలమండ పైన ఎముక మీద బొటనవేలితో కాసేపు నొక్కి చూడండి. గుంట పడి వెంటనే నిండకపోతే ఆ సంగతీ డాక్టర్‌కి చెప్పండి.

రిపోర్టు వచ్చేదాకా జ్యూస్ వద్దు. ఆలివ్‌లు నీళ్లలో బాగా కడిగి ఎప్పుడైనా మూడు నాలుగు తింటే ఫర్వాలేదు. ఈలోగా ఆయాసం, గుండె దడ, కాళ్లు చేతుల్లో సత్తువ లేకపోవడం, మూత్రం బాగా తగ్గిపోవడం, వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి.