నాన్నగారి స్టెంట్ సంగతి దాచొద్దు: ప్రయాణ బీమా మీద మీ ప్రశ్నలు

ప్రశ్న: మాది నెల్లూరు, ఉద్యోగాల వల్ల బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. డిసెంబరు సెలవుల్లో అమ్మానాన్నల్ని, పిల్లల్ని తీసుకుని సింగపూర్, మలేషియా వెళ్దామనుకుంటున్నాం. నాన్నగారికి 67 ఏళ్లు, షుగరు, బీపీ ఉన్నాయి, మూడేళ్ల కిందట స్టెంట్ వేశారు. టూర్ ఏజెంటు మాత్రం "స్టెంట్ సంగతి రాయకండి మేడం, ప్రీమియం పెరిగిపోతుంది, అందరికీ ఒకే చవక పాలసీ వేసేస్తా" అంటున్నాడు. ఏం చెయ్యమంటారు? - ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: స్టెంట్ సంగతి రాయండి. ఇందులో రెండో మాట లేదు.

దాస్తే ప్రీమియంలో కొంత మిగులుతుంది, నిజమే. కానీ అక్కడ నాన్నగారికి ఛాతీలో నొప్పి వచ్చి ఆస్పత్రికి తీసుకెళ్తే, డ్యూటీ డాక్టరు మొదట అడిగేది "ఇంతకుముందు గుండెకేమైనా అయిందా" అనే. మీరు ఉన్నదున్నట్టు చెప్తారు, చెప్పాలి కూడా, ఆయన కేస్ షీట్‌లో రాసుకుంటారు, ఆ కాగితం కంపెనీకి వెళ్తుంది. అక్కడ పాలసీ కొనేటప్పుడు మీరు నింపిన ప్రపోజల్ ఫారంలో చూస్తే "పాత జబ్బులేమీ లేవు" అని టిక్కు. రెండూ పక్కపక్కన పెట్టుకున్నాక ఆ క్లెయిమ్ ఎవరు పాస్ చేస్తారు చెప్పండి. ఫారం మీద ఉండేది మీ సంతకం, ఏజెంటుది కాదు.

రాసినంత మాత్రాన పనైపోయిందనుకోకండి. అసలు చూడాల్సింది ఇక్కడే ఉంది, దయచేసి ఓపిగ్గా చదవండి. పాలసీ మొదటి పేజీలో 50,000 డాలర్లని పెద్దగా కనిపిస్తుంది, అందరం అదే చూసి సరే అంటాం. ఆ కింద పట్టికలో "ముందునుంచీ ఉన్న జబ్బులు" అనే వరస వెతకండి. కొన్ని పాలసీల్లో అక్కడ "వర్తించదు" అని ఉంటుంది. కొన్నింట్లో ప్రాణాపాయం ఉంటేనే, అదీ ఒక చిన్న మొత్తం వరకే ఇస్తామంటారు. ఉదాహరణకి ఆ వరసలో 2,000 డాలర్లని ఉందనుకోండి, నాన్నగారి గుండె విషయంలో మీ పాలసీ విలువ ఆ 2,000 డాలర్లే, పైన రాసిన 50,000 కాదు. పైగా ప్రాణాపాయం తప్పేవరకే వాళ్ల బాధ్యత, మిగతా వైద్యం ఇండియాకి వచ్చి చేయించుకోవాల్సిందే.

ఇంకొకటి, 60 దాటినవాళ్లకి చాలా పాలసీల్లో గది అద్దెకింత, ఐసీయూకి రోజుకింత, సర్జన్ ఫీజుకింత అని విడివిడిగా పరిమితులు పెడతారు. సింగపూర్‌లో ప్రభుత్వ ఆస్పత్రుల్లో కూడా రాయితీలు అక్కడి పౌరులకీ, శాశ్వత నివాసులకీ తప్ప మనలాంటి టూరిస్టులకి ఉండవు, పూర్తి బిల్లు కట్టాలి. అందుకే మీకూ పిల్లలకీ మామూలు పాలసీ తీసుకోండి, ఏం ఫర్వాలేదు, అమ్మకీ నాన్నగారికీ మాత్రం పాత జబ్బులకి పెద్ద మొత్తం ఇచ్చేది, ఈ విడి పరిమితులు లేనిది వేరేగా తీసుకోండి. ప్రీమియం ఎక్కువే అవుతుంది. టూరు ఖర్చులో ఇంకెక్కడైనా తగ్గించుకోండి, ఇక్కడ వద్దు.

ఆఫీసు మెడిక్లెయిమ్‌లో అమ్మానాన్నలు ఉన్నారు కదా అనే ధైర్యం కూడా పెట్టుకోకండి, అలాంటి పాలసీలు చాలావరకు ఇండియాలో చేయించుకునే వైద్యానికే.

పాలసీ మీద ఇరవైనాలుగ్గంటల సహాయ నంబరు ఉంటుంది, అది ఇంట్లో అందరి ఫోన్లలోనూ ఉండాలి. ఆస్పత్రిలో చేరే ముందే, కుదరకపోతే చేరిన వెంటనే ఫోన్ చెయ్యాలి, అప్పుడే క్యాష్‌లెస్‌కి వీలుంటుంది, లేదంటే మీరు కట్టి తర్వాత బిల్లులు పెట్టుకోవాలి. స్టెంట్ వేసినప్పటి డిశ్చార్జ్ సమ్మరీ, మందుల చీటీ చేతి బ్యాగులోనే పెట్టుకోండి.

ప్రశ్న: మే నెలలో నేనూ మా ఆవిడా పారిస్, స్విట్జర్లాండ్ వెళ్లాలని. వీసాకి ముందే ఇన్సూరెన్స్ చూపించాలంటున్నారు. వీసా రాకపోతే ఆ డబ్బు పోయినట్టేనా? 30,000 యూరోలది సరిపోతుందా? - ఒక పాఠకుడు, అన్నానగర్, చెన్నై

జవాబు: ఫ్రాన్స్, స్విట్జర్లాండ్ లాంటి యూరప్ దేశాలన్నిటికీ కలిపి ఇచ్చే ఒకే వీసాని షెంగెన్ వీసా అంటారు, దానికి కనీసం 30,000 యూరోల పాలసీ ఉండాలి, 29 షెంగెన్ దేశాల్లోనూ చెల్లాలి, మీరక్కడ ఉండే అన్ని రోజులకీ ఉండాలి. వీసా రాకపోతే తిరస్కరించిన ఉత్తరం చూపిస్తే, పాలసీ మొదలయ్యే తేదీకి ముందే అడిగితే, చాలా కంపెనీలు ఎంతో కొంత కోసుకుని మిగతాది వెనక్కిస్తాయి. కొనే ముందే ఈ మాట అడిగి మెయిల్‌లో రాయించుకోండి.

30,000 అనేది వీసా ఆఫీసు అడిగే కనీసం, మీకు సరిపోయే మొత్తమని కాదు. వయసు తక్కువైతే దానికీ, 1,00,000 డాలర్లదానికీ ప్రీమియంలో తేడా పెద్దగా ఉండదు, పెద్దదే తీసుకోండి. అక్కణ్ణుంచి లండన్ కూడా వెళ్తున్నారా? బ్రిటన్ షెంగెన్‌లో లేదు, అది కూడా పాలసీలో ఉందో లేదో చూసుకోవాలి. స్విట్జర్లాండ్‌లో యుంగ్‌ఫ్రావ్ కొండ రైలెక్కి మంచు చూసి రావడానికి ఏ ఇబ్బందీ లేదు, స్కీయింగ్ చేస్తామంటే మాత్రం మామూలు పాలసీలు చాలావాటిలో అది ఉండదు, విడిగా కలుపుకోవాలి.

ప్రశ్న: దుబాయ్ వెళ్లినప్పుడు మా సూట్‌కేసు రెండో రోజుకి గానీ రాలేదు. ఈలోపు బట్టలు కొనుక్కున్నాం, బిల్లులున్నాయి. ఎయిర్‌పోర్టు రిపోర్టు లేదని కంపెనీ క్లెయిమ్ తిప్పి పంపింది. ఇంకేమైనా దారి ఉందా? - ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: బ్యాగు రానప్పుడు బెల్టు దగ్గరున్న లగేజీ కౌంటర్‌లో పీఐఆర్ అని ఒక రిపోర్టు రాయించుకోవాలి, ఇన్సూరెన్స్ కంపెనీ అడిగేది అదే. ఇప్పుడైనా బ్యాగేజీ ట్యాగు నంబరు, బ్యాగు మీ చేతికొచ్చిన తేదీ రాసి, ఆలస్యమైనట్టు లెటర్ ఇమ్మని విమానసంస్థకి మెయిల్ చెయ్యండి. విమాన ప్రయాణాల మీద దేశాల మధ్య ఉన్న మాంట్రియల్ ఒప్పందం ప్రకారం బ్యాగు ఆలస్యంగా వస్తే, అది చేతికందిన 21 రోజుల్లోపు నష్టపరిహారం కోసం విమానసంస్థకే నేరుగా రాతపూర్వకంగా ఫిర్యాదు చెయ్యొచ్చు. గడువుంటే అది వదులుకోవద్దు.

ఆ లెటర్ జతచేసి మీ ఇన్సూరెన్స్ కంపెనీ గ్రీవెన్స్ (ఫిర్యాదుల) విభాగానికి మళ్లీ రాయండి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు మీకు నచ్చకపోయినా, ఇలాంటి తగాదాలు తీర్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు, ఏడాది గడువుంటుంది. బెంగళూరులోనూ చెన్నైలోనూ కార్యాలయాలున్నాయి. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. చిన్న మొత్తమే కదా అని చాలామంది ఇక్కడ ఆగిపోతారు, ఆగకండి, కట్టిన ప్రీమియం మీదే.

ప్రశ్న: సంక్రాంతికి బెంగళూరు నుంచి విశాఖ రైల్లో వెళ్తాం. టికెట్ బుక్ చేసేటప్పుడు 45 పైసల ఇన్సూరెన్స్ అని అడుగుతుంది. ఉపయోగం ఉందా? - ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: ఉంది, పెట్టుకోండి. రైలు ప్రమాదంలో ప్రాణం పోయినా, పూర్తిగా శాశ్వత వైకల్యం వచ్చినా 10 లక్షలు, కొంతమేర శాశ్వత వైకల్యానికి 7.5 లక్షలు, గాయాలతో ఆస్పత్రిలో చేరితే 2 లక్షల వరకు ఇస్తారు. కన్ఫర్మ్ అయినవాళ్లకీ ఆర్‌ఏసీ వాళ్లకీ వర్తిస్తుంది, వెయిటింగ్ లిస్టుకి కాదు. రైలు లేటైనా, సామాన్లు పోయినా ఇందులో ఏమీ రాదు. బుక్ చేశాక ఫోనుకీ మెయిలుకీ ఒక లింకు వస్తుంది, అందులో నామినీ పేరు నింపాలి, చాలామంది అది తెరవను కూడా తెరవరు. టికెట్ తీసుకున్న రోజే నింపెయ్యండి.