వయసైపోయిన రాక్ బ్యాండ్ మళ్లీ కలిస్తే అభిమాని సంతోషించాలా, ఇక చాలనాలా?

ప్రశ్న అడిగినవారు జెనెసిస్ బ్యాండ్ 2021–22 టూర్ వీడియోలు చూశారట. ఫిల్ కాలిన్స్ కుర్చీలో కూర్చుని పాడుతుంటే చూడలేక ఆపేశానని రాశారు. "ఇలా బయటపడే బదులు పాత రికార్డులతోనే ఆపేస్తే మర్యాదగా ఉండేది కదా?" అన్నది వారి సందేహం. ఆ టూర్‌ని నేను 2022 మార్చిలో లండన్ ఓ2 అరీనాలో కళ్లారా చూశాను కాబట్టి నాకు తోచింది చెబుతాను. వెళ్లినందుకు సంతోషంగానే ఉంది. బాధా కలిగింది. కాకపోతే ఆ బాధకి కుర్చీ కారణం కాదు.

తెలియనివారి కోసం కాస్త కథ. ఇంగ్లండ్‌లోని సర్రేలో చార్టర్‌హౌస్ అనే స్కూల్ కుర్రాళ్లు 1967లో మొదలుపెట్టిన బ్యాండ్ ఇది. కాలిన్స్ 1970లో డ్రమ్మర్‌గా వచ్చాడు, ఆ వెంటనే స్టీవ్ హాకెట్ గిటార్‌కి వచ్చాడు. అప్పటి గాయకుడు పీటర్ గాబ్రియేల్. నక్క తల తగిలించుకుని, ముఖం చుట్టూ పూరేకులు పెట్టుకుని పాడేవాడు. ఒక్కో పాట ఇరవై నిమిషాలు నడిచేది. 1975లో అతను వెళ్లిపోయాడు, డ్రమ్మరే గాయకుడయ్యాడు. 1977లో హాకెట్ కూడా వెళ్లిపోయాడు. కీబోర్డు టోనీ బ్యాంక్స్, గిటార్ మైక్ రూథర్‌ఫోర్డ్, కాలిన్స్, ఈ ముగ్గురే మిగిలి ఎనభైల్లో పాప్ హిట్లతో స్టేడియాలు నింపారు. 1996లో కాలిన్స్ తప్పుకున్నాడు. 2007లో ఒకసారి కలిశారు. మళ్లీ కలిసింది ఈ ఆఖరి టూర్‌కే. 2020లో ప్రకటించారు, కోవిడ్ వల్ల వాయిదాల మీద వాయిదాలు పడి 2021 సెప్టెంబరులో బర్మింగ్‌హామ్‌లో మొదలైంది. టూర్ పేరు 'ది లాస్ట్ డామినో?'. చివర ఆ ప్రశ్నార్థకం వాళ్లు పెట్టిందే. అప్పటికి ఆఖరిదో కాదో వాళ్లకీ తేలలేదేమో.

ఈ కథ చదివితే ఒక సంగతి అర్థమవుతుంది. జెనెసిస్ అభిమానుల్లో ముందునుంచే రెండు పార్టీలున్నాయి. మా బావ గాబ్రియేల్ పార్టీ. ఆయన లెక్కలో 1977 తర్వాత ఆ పేరుతో వచ్చినదంతా వేరే బ్యాండ్. నేనేమో కాలిన్స్ పాప్ పాటలతో మొదలై వెనక్కి నడిచి డెబ్భైల్లోకి చేరినవాణ్ని. టికెట్లు అమ్మకానికి పెట్టినప్పుడు ఫోన్ చేసి వస్తావా అని అడిగితే బావ ఒక్క ముక్కలో తేల్చేశాడు: "హాకెట్ లేడు, గాబ్రియేల్ లేడు, కాలిన్స్ డ్రమ్స్ వాయించలేడు. మరి మనం చూడబోయేది ఎవర్ని బావా?"

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. ఒంటరిగానే వెళ్లాను.

వయసు ప్రభావం మామూలు రాక్ బ్యాండ్ కంటే జెనెసిస్ వాయించే ప్రోగ్రెసివ్ రాక్ (పొడవాటి పాటలు, చిక్కు తాళాలతో నడిచే రాక్) మీద ఎక్కువ కనిపించడానికి కారణముంది. మూడు కార్డ్‌ల (స్వరగుచ్ఛాల) పాటని డెబ్భై ఏళ్ల మనిషి కాస్త నెమ్మదిగా వాయించినా జనం పట్టించుకోరు, ఎలాగూ అందరూ కలిసి పాడేస్తారు. జెనెసిస్ పాటలకి అలా కుదరదు. 'ది సినిమా షో' రెండో సగం ఏడు మాత్రల నడకలో సాగుతుంది, 'ఫర్త్ ఆఫ్ ఫిఫ్త్' పియానో ప్రారంభంలో కొలత గడియగడియకీ మారిపోతుంది. చేతులు మాట వినకపోతే పాటే నిలబడదు. కాలిన్స్‌కి జరిగింది సరిగ్గా అదే. 2007 టూర్ తర్వాత మెడ వెన్నుపూసల సమస్యతో ఆపరేషన్ అయింది, నరాలు దెబ్బతిని డ్రమ్ కర్రలు పట్టుకోలేని స్థితి వచ్చింది. డెబ్భైల్లో తన తరంలోని గొప్ప డ్రమ్మర్లలో ఒకడనిపించుకున్న మనిషికి ఇంతకంటే పెద్ద దెబ్బ ఏం కావాలి?

అందుకే ఈ టూర్‌లో డ్రమ్స్ మీద ఆయన కొడుకు నిక్ కూర్చున్నాడు. టూర్ మొదలయ్యేనాటికి ఇరవై ఏళ్లు. కొడుకు కాబట్టి ఇచ్చేశారని వెళ్లేముందు నేనూ అనుకున్నాను, కానీ మొదటి పాట సగానికే ఆ అనుమానం పోయింది. దెబ్బ బలంగా, సూటిగా ఉంది. తండ్రి వాయింపులో ఉండే ఆ జారుడు, ఆ చిలిపితనం లేవు గానీ పాటని పడనివ్వకుండా మోసింది మాత్రం అతనే. అప్పుడప్పుడు కాలిన్స్ కుర్చీలోనే వెనక్కి తిరిగి కొడుకు వైపు చూసేవాడు. నేను కూర్చున్న చోటి నుంచి ముఖం తెరమీదే కనిపించింది. ఆ కాసేపు ఆయన పాటలో లేడు, లెక్క పెట్టుకుంటున్నాడు. పెదవులు కదులుతున్నాయి.

ఇప్పుడు గొంతు సంగతి. పాటల శ్రుతి దించారు, కొన్నింటికి బాగానే దించారు. పై స్థాయిలో పడాల్సిన చోట ఇద్దరు కోరస్ గాయకులు అందుకునేవారు. కచేరీల్లో పెద్ద విద్వాంసులు శ్రుతి తగ్గించుకుని, పైసంచారాలు వెనుక కూర్చున్న శిష్యులకి వదిలేస్తే మనం తప్పు పట్టం. ఇక్కడా నాకు అలాగే అనిపించింది. 'మామా' పాటలో ఆ వికటమైన నవ్వు వచ్చేసరికి మాత్రం శిష్యుల అవసరం రాలేదు. ఆ నవ్వుకి శ్రుతితో పని లేదు, వయసు దానికి పదును పెట్టింది కూడా. 'ఐ నో వాట్ ఐ లైక్'లో టాంబరిన్ చేతికి తీసుకున్నాడు. ఒకప్పుడు దాన్ని తలకీ మోకాలికీ మోచేతికీ కొట్టుకుంటూ స్టేజీ అంతా తిరిగిన మనిషి, ఇప్పుడు కూర్చున్నచోటే ఆ విన్యాసంలో ఓ నాలుగు ముక్కలు చేసి చూపించాడు. హాలంతా ఈలలు. అది జాలితో వేసిన ఈల కాదు, ఆ తేడా వినగానే తెలిసిపోతుంది.

మరి నాకు బాధ ఎక్కడ కలిగింది? 'ఫర్త్ ఆఫ్ ఫిఫ్త్'లో. పాట మొత్తం లేదు, మధ్యలో వాయిద్యం వచ్చే భాగం మాత్రమే. గిటార్ సోలో వాయించింది డారిల్ స్టర్మర్. 1978 నుంచీ వీళ్లతో స్టేజీ మీద ఉన్నవాడు, ఒక్క స్వరం తప్పు పోలేదు. కానీ ఆ సోలో హాకెట్‌ది. స్వరాన్ని సాగదీసి, ఇక తెగిపోతుందేమో అన్నంతసేపు నిలబెట్టే పద్ధతి అతనిది. హాకెట్ బతికే ఉన్నాడు, ఆరోగ్యంగా ఉన్నాడు, ఆరు నెలల క్రితమే ఇదే దేశంలో ఊరూరా తిరిగి ఈ పాటలే వాయించాడు. అయినా ఈ స్టేజీ మీద లేడు. చేతులు సహకరించకపోతే ఎవరూ ఏమీ చేయలేరు. మనుషులు పిలుచుకోకపోవడం అలాంటిది కాదు. వయసుని క్షమించగలిగాను గానీ ఇది మాత్రం ఇప్పటికీ మింగుడుపడలేదు.

మా బావ మాత్రం 2021 సెప్టెంబరులోనే హాకెట్ షోకి వెళ్లాడు. 1977లో వచ్చిన లైవ్ ఆల్బమ్ 'సెకండ్స్ అవుట్' మొత్తాన్ని అప్పుడు హాకెట్ బృందం వాయించింది. 'సప్పర్స్ రెడీ' ఇరవై మూడు నిమిషాలూ, ఎక్కడా కోత లేకుండా, అసలు శ్రుతిలో. వచ్చాక గంటసేపు ఫోన్‌లో చెప్పాడు. ఆయన చెప్పినదంతా నిజమే, సంగీతం పరంగా అది నేను చూసినదానికంటే ఎన్నో రెట్లు మెరుగైన రాత్రి. "మరి ఏడుపొచ్చిందా?" అని అడిగాను. "ఏడుపెందుకు, అంత బాగా వాయిస్తే?" అన్నాడు.

నాకొచ్చింది. ఆఖరి పాట 'ది కార్పెట్ క్రాలర్స్'. 1974లో గాబ్రియేల్ పాడుతుంటే డ్రమ్స్ వెనుక కూర్చుని కోరస్ ఇచ్చిన మనిషి ఇప్పుడు ముందుకొచ్చి, కిందిస్థాయిలో, మాటలు మాటలుగా పాడాడు. పక్కన బ్యాంక్స్, రూథర్‌ఫోర్డ్. ఆ ఇద్దరూ స్కూల్లో కలిసి మొదలుపెట్టిన బ్యాండ్ అది. బాగా పాడాడా అంటే లేదు. ఇంకెవరైనా పాడి ఉంటే బాగుండేదా అంటే అస్సలు ఉండేది కాదు.

ఇక్కడే మీ ప్రశ్నకి నా జవాబు. పాట ఒకటి, దాన్ని పుట్టించిన మనుషులు ఒకటి. కుర్రవయసులో ఆ రెండూ ఒకే టికెట్ మీద దొరుకుతాయి కాబట్టి మనకి తేడా తెలియదు. వాళ్లకి డెబ్భై దాటాక రెండూ విడిపోతాయి. పాట కావాలంటే ఈ రోజుల్లో కొదవ లేదు. హాకెట్ ఉన్నాడు. కెనడాకి చెందిన 'ది మ్యూజికల్ బాక్స్' అనే బృందం గాబ్రియేల్ నాటి షోలని వేషాలతో, స్లైడ్లతో సహా దించేస్తుంది. తండ్రి ఒకప్పుడు ఏం చేసేవాడో చూపించడానికి గాబ్రియేలే తన పిల్లల్ని ఆ షోకి తీసుకెళ్లానని చెప్పాడు. రీయూనియన్ టికెట్‌తో కొనుక్కునేది మాత్రం మనుషుల్ని. పాట ఆశించి వెళ్లినవాళ్లు తిట్టుకుంటూ బయటికొస్తారు. వీడియోలో మీకు ఇబ్బంది కలగడానికీ అదే కారణమనుకుంటాను. ఫోన్ రికార్డింగులో పాటే వినిపిస్తుంది, అందులోని లోటే వినిపిస్తుంది.

"డబ్బు కోసమే కదా కలిశారు" అని మరో ఇద్దరు జవాబుల్లో రాశారు. ఉండొచ్చు. టికెట్లు చవక కాదు, నేనూ గొణుక్కుంటూనే కొన్నాను. కానీ అభిమానులు ఇప్పటికీ నెత్తిన పెట్టుకునే జెనెసిస్ రీయూనియన్ ఏదో తెలుసా? 1982 అక్టోబరు 2న మిల్టన్ కీన్స్ బౌల్‌లో జరిగింది. గాబ్రియేల్ ఆ ఏడాది పెట్టిన వోమాడ్ అనే ప్రపంచ సంగీత ఉత్సవం భారీ నష్టం తెచ్చి అప్పులపాలైతే, ఆ అప్పు తీర్చడానికి పాత స్నేహితులు వచ్చి వాయించారు. పచ్చిగా డబ్బు కోసమే. వాన కుండపోత. గాబ్రియేల్‌ని శవపేటికలో స్టేజీ మీదికి మోసుకొచ్చారు. చివర్లో హాకెట్ కూడా వచ్చి కలిశాడు. డబ్బు కోసం జరిగిందని దాన్ని తక్కువ చేసినవాడు నాకింతవరకూ తగల్లేదు. కాబట్టి ఆ వాదన పక్కన పెడదాం.

అన్ని రీయూనియన్లూ ఒకే గాటన కట్టొద్దు. పింక్ ఫ్లాయిడ్ 2005 జూలై 2న లైవ్ 8 అనే సేవా కచేరీ కోసం లండన్ హైడ్ పార్క్‌లో నాలుగు పాటలు వాయించి ఆపేసింది. 2008లో వాళ్ల కీబోర్డు వాద్యకారుడు రిక్ రైట్ పోయాడు, ఇక ఆ నలుగురు కలిసే అవకాశమే లేదు. ఆ బ్యాండ్‌లోని రోజర్ వాటర్స్, డేవిడ్ గిల్మోర్‌ల గొడవ తెలిసినవాళ్లకి ఆ నాలుగు పాటలే పదివేలు. 'యెస్' బ్యాండ్ కథ ఇంకో రకం. క్రిస్ స్క్వైర్ 2015లో చనిపోయాక స్థాపకుల్లో ఒక్కరూ లేకుండా నడుస్తోంది. గిటారిస్ట్ స్టీవ్ హౌ కూడా 1970లో చేరినవాడే. దాన్ని రీయూనియన్ అనలేం, ఇల్లు అమ్మకుండా అద్దెకిచ్చినట్టు. ఇక కెనడా బ్యాండ్ రష్. డ్రమ్మర్ నీల్ పియర్ట్ 2020 జనవరిలో పోయాడు, ఇక అయిపోయిందనుకున్నాం. మిగిలిన ఇద్దరూ, గెడ్డీ లీ, అలెక్స్ లైఫ్‌సన్, జర్మన్ డ్రమ్మర్ అనికా నిలెస్‌ని తీసుకుని 2026కి టూర్ ప్రకటించారు. పియర్ట్ కుర్చీలో ఇంకొకరా అని సగంమంది, వాళ్లిద్దరినీ మళ్లీ చూస్తామని సగంమంది. రెండు వైపులా నాకు స్నేహితులున్నారు, ఇద్దరికీ సర్దిచెప్పే ఓపిక నాకు లేదు.

మీరు ఇలాంటి షోకి వెళ్లాలా వద్దా అని ఊగుతుంటే, నేను చూసే రెండు మూడు విషయాలు ఇవి. ముందు ఆ టూర్ పాటల జాబితా చూడండి, ఏవి వదిలేశారో గమనించండి. జెనెసిస్ 'సప్పర్స్ రెడీ' జోలికి పోలేదు, అది తెలివైన పని. చేయలేనిది వదిలేసే బ్యాండ్‌ని నమ్మొచ్చు. లోపాన్ని దాస్తున్నారా, బయటపెడుతున్నారా అన్నది రెండోది. రికార్డు చేసిన గొంతుని వెనుక నుంచి వదిలి పెదవులు ఆడించేవాళ్లకంటే, చేతికర్రతో నడిచొచ్చి కుర్చీలో కూర్చుని ఉన్న గొంతుతో పాడినవాడు నాకు వెయ్యి రెట్లు నయం. ఇక అందరూ రాకపోతే ఎవరు రాలేదు, ఎందుకు రాలేదు అన్నది మీకెంత ముల్లులా గుచ్చుకుంటుందో ముందే చూసుకోండి. నాకు హాకెట్ విషయం గుచ్చుకుంటుందని తెలిసే వెళ్లాను, అయినా తగ్గలేదు.

వెళ్లేటట్టయితే ఆఖరి రోజుకి టికెట్ కొనండి. నేను ముందురోజు వెళ్లాను. మార్చి 26న, ఆఖరి షోకి గాబ్రియేల్ ప్రేక్షకుల్లో వచ్చి కూర్చున్నాడట. 'సప్పర్స్ రెడీ' అని అరుస్తున్నది అతనేనేమో అని కాలిన్స్ స్టేజీ మీది నుంచి జోక్ కూడా వేశాడు. ఈ వార్త నాకు ముందుగా పంపింది ఎవరనుకున్నారు, మా బావే. కింద నవ్వుతున్న బొమ్మలు వరసగా పెట్టి మరీ.