విలన్ చేత కథ చెప్పించాలనుకుంటున్న మా మేనకోడలికి

చిన్నీ,

నీ వాయిస్ మెసేజ్ విన్నా, వెనకాల బెంగళూరు సిల్క్ బోర్డ్ జంక్షన్ హారన్ల గోలలో సగం వినబడలేదుగానీ మొత్తానికి విషయం తెలిసింది, జేన్ ఆస్టిన్ నవల 'ప్రైడ్ అండ్ ప్రెజుడీస్'ని అందులో విలన్ వికమ్ చెప్తున్నట్టు తెలుగులో రాస్తావు, తర్వాత ఒక్కో పాత ప్రేమ నవల తీసుకుని అందులో అందగాడైన దుర్మార్గుడి చేత కథ చెప్పిస్తావు, సిరీస్ చేస్తావు, అదీ ప్లాను. మంచి ప్లానే. మీ నాన్న 'ఇంగ్లీషు లెక్చరర్‌గా చేసి రిటైరైంది కదా, మీ అత్తనడుగు' అన్నాడట, వాడు నన్ను ఒకళ్ళకి రికమెండ్ చెయ్యడం ఇదే మొదలు. ఫోన్లో చెప్తే నువ్వు 'హా అత్తా, హా అత్తా' అంటూ లాప్‌టాప్ చూసుకుంటావు, అందుకే తీరిగ్గా రాస్తున్నా, మెట్రోలో చదువుకో.

ముందు అసలు సంగతి చెప్పేస్తా. విలన్ వైపు నుంచి రాయడం అంటే విలన్ని మంచోణ్ణి చెయ్యడం కాదే తల్లీ. ఇలాంటివి రాసేవాళ్ళు చాలామంది చేసే పని అదే, చిన్నప్పుడే తల్లి పోయింది, ఎవరో అవమానించారు, నిజానికి హీరోనే దుర్మార్గుడు, మనవాడు పాపం అమాయకుడు అని. అప్పుడు నీకు మిగిలేది ఇంకో హీరో, అదీ నాసిరకం హీరో, వాడికంటే ఆస్టిన్ హీరో డార్సీనే నయం కదా. చదివేవాళ్ళు నీ దగ్గరికొచ్చేది ఆ వెధవ లోపల ఏమనుకుంటాడో చూద్దామని. కాబట్టి ఒక్క సంఘటన కూడా మార్చకు. పుస్తకంలో ఏం జరిగిందో అదే జరగాలి, ఎవడు చెప్తున్నాడో అదొక్కటే మారాలి, మిగతాదంతా వాడి నోరే చూసుకుంటుంది.

వికమ్ సంగతే చూడు. డార్సీల ఎస్టేట్ వ్యవహారాలు చూసే ఆయన కొడుకు, హీరో తండ్రి పెద్ద డార్సీకి వీడంటే ముద్దు, కేంబ్రిడ్జి దాకా చదివించాడు, పోతూ పోతూ 1,000 పౌండ్లు రాసి, ఫలానా చర్చిలో ఫాదర్ ఉద్యోగం ఖాళీ అయితే వీడికి ఇప్పించమన్నాడు. వీడు నాకు చర్చి వద్దు, లా చదువుతా అని ఆ ఉద్యోగం బదులు 3,000 పౌండ్లు పుచ్చుకున్నాడు, అదంతా ఊదేసి ఆ ఉద్యోగం ఖాళీ అవగానే మళ్ళీ వచ్చి అది నాదే అన్నాడు. కాదనేసరికి డార్సీ చెల్లెలు, 15 ఏళ్ళ పిల్ల, 30,000 పౌండ్ల ఆస్తి ఉన్న పిల్ల, ఆ పిల్లని రామ్స్‌గేట్ నుంచి లేపుకుపోబోయాడు. ఇప్పుడు హీరోయిన్ ఎలిజబెత్ వాళ్ళ నాన్న ఏడాది రాబడి ఎంత, 2,000. అంటే అయిదుగురు ఆడపిల్లలున్న ఇల్లు ఏడాదిన్నర బతికే డబ్బు వీడు తాగీ ఆడీ తగలేశాడు. ఈ లెక్క వికమ్ చెప్తాడా? చెప్పడు. 'ఏదో కొంత సొమ్ము సర్దారు లెండి, పెద్దాయన మాట కోసం' అంటాడు, అని టాపిక్ మార్చేస్తాడు. నువ్వు ఒక నోట్‌బుక్ తీసుకుని ఎడంవైపు పేజీలో జరిగిందేంటో, కుడివైపు పేజీలో దాన్ని వాడెలా చెప్తాడో రాసుకో. ఎక్కడ వాడు అంకె చెప్పకుండా దాటేస్తాడో అక్కడే నీకు చాప్టర్ ఉంది.

ఇంకో చిన్న విషయం, అందరూ మర్చిపోయేది. వికమ్ ఎలిజబెత్‌తో ఏమంటాడు, పెద్దాయన మీద గౌరవం కొద్దీ కొడుకు గుట్టు బయటపెట్టను అంటాడు. డార్సీ ఊళ్ళో ఉండగా బాల్‌కి కూడా రాకుండా తప్పించుకుంటాడు. డార్సీ అలా ఊరు దాటగానే ఊరంతా వీడి కథే. ఇది వాడి వైపు నుంచి రాయి చూద్దాం, ఎంత బాగుంటుందో. 'నేనెవరికీ చెప్పలేదండీ, వాళ్ళే అడిగారు' అంటాడు, వాడు నమ్ముతాడు కూడా ఆ మాట. అక్కడ చదివేవాళ్ళు వాడికంటే ఒక అడుగు ముందుండాలి, వాడు చెప్పేది వింటూనే 'ఒరేయ్ ఆగరా' అనుకోవాలి. వాడు అబద్ధం చెప్తున్నాడని నువ్వు చెప్పకూడదు, బ్రాకెట్లో కూడా.

అయితే నన్నడిగితే మొదటి పుస్తకానికి వికమ్ వద్దంటా. వాడి లోపల పెద్దగా ఏం లేదు, డబ్బు, దుబారా, అందం, అంతే, రెండొందల పేజీలు వాడితో ఉండటం కష్టం. 1811లో వచ్చిన ఆస్టిన్ 'సెన్స్ అండ్ సెన్సిబిలిటీ'లో విలోబీ ఉన్నాడు చూడు, వాణ్ణి తీసుకో. మేరియాన్ అనే అమ్మాయిని నిజంగానే ప్రేమించాడు, అయినా 50,000 పౌండ్లున్న మిస్ గ్రే‌ని చేసుకున్నాడు, అంతకుముందే ఇంకో చిన్నపిల్లని కడుపుతో వదిలేసి వచ్చాడు. మేరియాన్ జబ్బుపడి ఇక ఉండదు అనుకుంటున్న రాత్రి బండి కట్టించుకుని వచ్చి వాళ్ళక్క ఎలినార్ ముందు మొత్తం వెళ్ళగక్కుతాడు, అదొక పూర్తి చాప్టర్, ఆస్టిన్ తనే విలన్‌కి మైకు ఇచ్చింది అన్నమాట. ముందు అది చదువు. అక్కడ బయటపడుతుంది, మేరియాన్‌కి వచ్చిన ఆ క్రూరమైన ఉత్తరం ఉంది కదా, చేతిరాత వీడిది, మాటలు మాత్రం కాబోయే పెళ్ళానివి, ఆవిడ రాసిచ్చింది వీడు కూర్చుని కాపీ చేశాడు. మేరియాన్ రాసిన చీటీలూ, తను కోసుకుని దాచుకున్న ఆ పిల్ల జుట్టుపాయా జేబులో పాకెట్‌బుక్‌లోనే ఉన్నాయి, ఆవిడ అది వెతికి అవి కూడా లాక్కుంది. ఆ గది, ఆ బల్ల, ఆ కాపీ చెయ్యడం, నవల్లో ఎక్కడా సీన్‌గా లేదు, వాడు చెప్పుకోవడమే ఉంది. మంచి రైటర్‌కి ఇంతకంటే ఏం కావాలి, ఖాళీ కుర్చీ వేసి పెట్టినట్టే.

అదే చాప్టర్లో ఇంకోటుంది, నాకు ఒళ్ళు మండేది. వదిలేసిన పిల్ల గురించి అడిగితే, అడ్రస్ ఇవ్వడం మర్చిపోయానని గుర్తులేదు, అయినా కాస్త తెలివుంటే తనే కనుక్కునేది కదా అంటాడు. అంతసేపూ మనకి వాడి మీద జాలి కలిగి కలిగి, ఆ ఒక్క మాటతో దిగిపోతుంది. నువ్వు పట్టుకోవాల్సింది ఈ కొలత, జాలి పుట్టించు, ఆపకుండా పుట్టించు, మధ్యలో ఎక్కడో వాడి నోటినుంచే అలాంటి మాట ఒకటి జారనీ. వాడికి అది జారినట్టు కూడా తెలియకూడదు.

చార్మ్ మరీ ఎక్కువైతే ఏమవుతుందో కూడా తెలుసుకో. 1748లో రిచర్డ్‌సన్ 'క్లారిస్సా' పూర్తి చేశాడు, మొత్తం ఉత్తరాలే, అందులో లవ్‌లేస్ అనేవాడు తన ఫ్రెండుకి రాసే ఉత్తరాలు ఎంత సరదాగా ఉంటాయంటే చదివినవాళ్ళు ముఖ్యంగా లేడీస్ వాడి వైపు తిరిగిపోయారు, పాపం రచయిత కంగారుపడి తర్వాతి ఎడిషన్లలో వాణ్ణి ఇంకాస్త నల్లగా చూపించడానికి మార్పులు చేశాడు. రిచర్డ్‌సన్ అంతటివాడికే అలా అయింది. నా ఉద్దేశం, ఫుట్‌నోట్లతో తర్వాత నల్లరంగు పుయ్యాల్సిన పనిలేకుండా మొదట్లోనే ఆ పిల్ల గొంతు గట్టిగా ఉండేలా చూసుకో.

అదెలా అంటావా. వాడికి కనబడని ఆడపిల్ల చదివేవాళ్ళకి కనబడాలి. వికమ్ ఎలిజబెత్ ఆఖరి చెల్లెలు లిడియాని పెళ్ళి చేసుకుని అత్తారింటికి వచ్చినప్పుడు ఎలిజబెత్‌కి ఎంత తెలిసిందో కూపీ లాగుతాడు గుర్తుందా, ఆ చర్చి ఉద్యోగం పోయినందుకు పాపం బాధపడుతున్నట్టు మొదలెడతాడు. ఆమె నవ్వుతూ నవ్వుతూ, ఒకప్పుడు నీకు ప్రసంగాలు చెప్పడం అంత రుచించేది కాదని విన్నానే అంటుంది, తర్వాత మనం వదినా మరుదులం, పాత సంగతులు ఎందుకు అని చెయ్యి అందిస్తుంది. వాడి వైపు నుంచి ఆ సీన్ హారర్ సినిమానే. ఆమె నవ్వుతోంది, మర్యాదగానే ఉంది, ఎంత తెలుసో తెలియట్లేదు. వాడు 'మా వదిన ఎప్పుడూ సరదా మనిషే' అని రాసుకుని ముందుకెళ్ళిపోతాడు. మనకి మాత్రం చెమట.

హార్డీ నవల 'టెస్'లో ఆ పిల్లని పాడుచేసే అలెక్‌ని మాత్రం ముట్టుకోకు. అడవిలో ఆ రాత్రి జరిగింది హార్డీ 1891లోనే నేరుగా చూపించకుండా వదిలేశాడు, దాన్ని అలెక్ నోటితో అందంగా చెప్పిస్తే పాపం మనకి చుట్టుకుంటుంది. 'వుదరింగ్ హైట్స్'లో హీత్‌క్లిఫ్ మూడేళ్ళు ఎక్కడికి పోయాడో అని చాలామంది ఇప్పటికే రాసేశారు, వదిలెయ్.

ఇప్పుడు నోరు. 'అతను చాలా ఆకర్షణీయంగా మాట్లాడాడు' అని రాస్తే చార్మ్ రాదమ్మా, వాడు మాట్లాడాలి. మనకి ఈ విద్య కొత్తది కాదు, గిరీశాన్ని మించిన అందమైన మోసగాడు ఎవడున్నాడు చెప్పు, పూటకూళ్ళమ్మ డబ్బులు మధురవాణికి తగలేసి, పరీక్ష తప్పిన వెంకటేశం వెనకాల అగ్రహారం చేరి, వితంతు వివాహం గురించి లెక్చర్లు దంచుతూ బుచ్చమ్మకి వల వేస్తాడు, మనం వాడు ఎప్పుడు నోరు తెరుస్తాడా అని చూస్తాం. 1909 కన్యాశుల్కం తీసి వాడి డైలాగులు పైకి చదువు, వాక్యం ఎక్కడ మొదలెట్టి ఎక్కడికి తిప్పుతాడో చూడు, కాపీ కొట్టకు, తిప్పడం నేర్చుకో. ఇక్కడ చెన్నైలో పెద్దవాళ్ళనడిగితే ఎం.ఆర్.రాధా 'రత్త కన్నీర్' నాటకం గురించి చెప్తారు, 1954లో సినిమా కూడా వచ్చింది, తెలుగులో నాగభూషణం గారు 'రక్తకన్నీరు'గా ఊరూరా ఆడారు. చివర్లో ఆ నాటకం హీరోకి కుష్టు వస్తుంది, అంతా పోతుంది, కానీ జనం టికెట్ కొన్నది ఆ నీతి కోసమా? ఆ వెటకారం కోసం. అలాగని రోగం తెప్పించి శిక్ష వెయ్యకు, అది ఆ నాటకానికి చెల్లింది. వికమ్‌కి ఆస్టిన్ వేసిన శిక్ష లిడియా, అది చాలు.

వాడు ఎవరికి చెప్తున్నాడో కూడా తేల్చుకో, గాల్లోకి చెప్పే ఫస్ట్ పర్సన్ నాకు నచ్చదు. నవల చివర్లో వికమ్ దంపతులు చౌక ఇళ్ళు వెతుక్కుంటూ ఊళ్ళు మారుతుంటారు, ఎలిజబెత్ తన ఖర్చుల్లో మిగిల్చి డబ్బు పంపుతుంటుంది. నువ్వు పట్టుబట్టి వికమ్‌నే రాస్తానంటే మొత్తం నవలని వాడు వదినకి అప్పు కోసం రాసే ఉత్తరంలా మొదలుపెట్టు. ఎంత కావాలో చివరి పేజీ దాకా చెప్పడు. అన్నిటికీ అదే కారణం అని మనకి తెలుస్తూ ఉంటుంది.

మద్రాసుకి మార్చనా అన్నావు కదా. మార్చొచ్చు, పేర్లు మార్చి డార్సీని దొరబాబు చేస్తే మాత్రం చాలదు. ఆస్తి ఎందుకు పంచరో చూపించాలి, దానికి మనకి 1904 మద్రాస్ ఇంపార్టిబుల్ ఎస్టేట్స్ చట్టం ఉంది, జమీందారీ ముక్కలు కాకూడదని, కన్నెమరా లైబ్రరీలో దొరుకుతుంది. 1948లో జమీందారీలే రద్దయిపోయాయి కాబట్టి ఆ మధ్యలోనే ఉండాలి. లిడియాకి 16 ఏళ్ళు, పెళ్ళికాని పిల్ల. 1910లో పెడితే చాలా ఇళ్ళల్లో ఆ వయసు పిల్లకి ఎప్పుడో పెళ్ళయిపోయి ఉంటుంది. ఆడపిల్లకి 14 దాటాలన్న శారదా చట్టం 1929లో వచ్చింది, కాబట్టి 1930ల్లో పెట్టు, మద్రాసులో చదువుకున్న జమీందారు కొడుకు, అదే దివాణంలో పెరిగి అదే కాలేజీలో చదివిన గుమాస్తా కొడుకు. ఒకే బెంచీ మీద కూర్చున్నారు, సెలవులకి ఇంటికెళ్ళాక వాడు ముందు గుమ్మం, వీడు పెరటి గుమ్మం. ఆ గుమ్మం దగ్గర వీడికి నిజంగానే ఒక బాధ ఉంది, అది ఇవ్వు వాడికి, ఇవ్వాలి కూడా, దాన్ని అన్నిటికీ సాకుగా వాడుకోవడం వాడే చేసుకుంటాడు. చర్చి ఉద్యోగానికి ఇక్కడ ఏది సరిపోతుందో నువ్వే ఆలోచించు, దేవస్థానం ధర్మకర్త పని నాకు అంత నప్పలేదు.

హక్కుల సంగతి, నువ్వు అడగలేదుగానీ. మన దేశంలో రచయిత పోయాక 60 ఏళ్ళ దాకా కాపీరైట్. ఆస్టిన్, హార్డీ, గురజాడ, శరత్ బాబు, వీళ్ళతో పేచీ లేదు. 'రెబెక్కా' రాసినావిడ 1989లో పోయింది, అది ముట్టుకోకు. శరత్ నవల తీసుకున్నా తెలుగు అనువాదంలో వాక్యాలు ఎత్తకు, చక్రపాణి గారు 1975లో పోయారు, ఆయన అనువాదాలకి ఇంకా హక్కులున్నాయి. కథ నీది చేసుకో, మాట మాత్రం నీదే అయ్యుండాలి.

రోజుకి ఇంత అని టార్గెట్ పెట్టుకోమని నేను చెప్పను, నీ ఉద్యోగం సంగతి నాకు తెలుసు. ముందు ఆ విలోబీ ఉత్తరం సీన్ ఒక్కటి రాయి, ఆవిడ రాసిచ్చింది వీడు చూసి రాస్తున్నది, మూడు నాలుగు పేజీలు, అందులో వీడు ఏడవకూడదు. వర్డ్ ఫైల్ పంపు, పీడీఎఫ్ అయితే నేను దిద్దడానికి ఉండదు. జనవరిలో బుక్ ఫెయిర్‌కి ఎలాగూ వస్తావుగా, వికమ్ గురించి అప్పుడు కొట్టుకుందాం.

మీ అత్త
మైలాపూర్, చెన్నై