లింఫోమా ‘సోకుతుందా’?

సందేహం: లింఫోమా, అంటే తెల్లరక్తకణాల్లో పుట్టే ఒక కేన్సర్ గురించిన ఆరోగ్య కరపత్రం ఒకటి తెలుగులోకి మారుస్తున్నాను. ‘వైరస్ వల్ల కొందరికి లింఫోమా సోకుతుంది’ అని రాస్తే డాక్టరుగారు ‘సోకుతుంది’ కొట్టేశారు. ‘లింఫోమా పురోగతిలో వైరస్ పాత్ర’ అన్న హెడ్డింగ్ మాత్రం ఉంచేశారు. రోగం సోకడం, రావడం ఒకటే కదండీ?

సమాధానం: డాక్టరుగారు కొట్టేసింది సబబేనమ్మా, వదిలేసిందే సబబు కాదు. పురోగతి అనేది పిల్లల చదువుకీ ఊరి రోడ్లకీ వాడే మాట, కేన్సర్‌కి పురోగతి ఏంటి? తెలుగులో రోగం ముదురుతుంది. ఇంత సూటైన మాట నోట్లో పెట్టుకుని డిక్షనరీలో వెతకడం ఈమధ్య ఎక్కువైపోయింది.

ఇక సోకు. పాత నిఘంటువుల్లో సోఁకు అని అరసున్నతో కనిపిస్తుంది. ఇప్పుడు అరసున్న ఎందుకులే అనేవాళ్ళు కన్నడం వైపు ఒక్కసారి చూడాలి, మన తోఁటకి పాత కన్నడంలో తోంట, దాఁటుకి దాంటు, అలాగే సోఁకుకి సోంకు, అంటే మన దగ్గర అరిగిపోయిన సున్న అక్కడ నిండుగా నిలిచింది. కరోనా రోజుల్లో బెంగళూరులో ఉన్నవాళ్ళు చూసే ఉంటారు, కన్నడ పేపర్లు ఇన్ఫెక్షన్‌ని సోంకు అనే రాశాయి, మనమేమో సంక్రమణ అంటూ సంస్కృతం గడప తొక్కాం. సోకడమంటే మొదట ఉత్త తాకడమే, మంచీ చెడూ లేదు. రాముడి పాదం సోకి రాయి ఆడదైంది అంటాం, చంటిపిల్లకి గాలి సోకిందనీ అంటాం. బయటిదేదో వచ్చి తాకాలి, అదీ ఈ క్రియకి ప్రాణం. పాత కావ్యాల్లో సోకుడంటే రాక్షసుడు, పట్టి పీడించేవాడు కాబట్టి. షోకిలా సోకు వేరు, అది ఉర్దూ షౌక్.

మరి లింఫోమాలో బయటినుంచి వచ్చి తాకేదేంటి? వైరస్. 1958లో డెనిస్ బర్కిట్ అనే సర్జన్ ఉగాండాలో పిల్లల దవడల్లో పెరిగే గడ్డల గురించి, అంటే ఒక రకం లింఫోమా గురించి రాశాడు. 1963 డిసెంబర్లో అలాంటి గడ్డ ముక్క ఒకటి కంపాలా నుంచి లండన్‌లో వైరస్ పరిశోధకుడు ఆంథొనీ ఎప్‌స్టీన్‌కి వెళ్తుంటే పొగమంచు వల్ల విమానం మాంచెస్టర్‌కి మళ్ళింది, చేరేసరికి సీసాలో ద్రవం మసకగా ఉంది, బాక్టీరియా పట్టి పాడైందనే అనుకున్నారు, తీరా మైక్రోస్కోపులో చూస్తే గడ్డ నుంచి ఊడి విడివిడిగా తేలుతున్న బతికున్న కణాలు! వాటిని పెంచి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెడితే దొరికింది ఎప్‌స్టీన్-బార్ వైరస్, 1964లో లోకానికి చెప్పారు.

ఇప్పుడు అసలు సంగతి. ఈ వైరస్ ప్రపంచంలో పెద్దవాళ్ళలో నూటికి 90 మందికి పైగా సోకే ఉంది, చాలావరకు ఎంగిలి ద్వారా. లింఫోమా వచ్చేది ఎక్కడో కొందరికి. వైరస్ బి కణాలనే ఒక రకం తెల్లరక్తకణాల్లో దూరి విభజన పెంచుతుంది, చావాల్సిన కణాన్ని చావనివ్వదు, దానికి తోడు ఆఫ్రికాలోలా మాటిమాటికీ మలేరియా రావాలి, కణంలో 8వ క్రోమోజోము ముక్క విరిగి 14వ దానికి అతుక్కోవడంలాంటిది జరగాలి, లేదా అవయవ మార్పిడి మందుల వల్లో హెచ్ఐవి వల్లో ఒంట్లో కాపలా తగ్గాలి. హెపటైటిస్ సి వైరస్‌దీ ఇలాంటి పాత్రే, మందులతో ఆ వైరస్‌ని పోగొడితే ప్లీహంలో పుట్టే ఒక రకం లింఫోమా వెనక్కి తగ్గిందని 2002లో ఫ్రాన్స్ డాక్టర్లు చూపించారు.

అంచేత వైరస్ సోకుతుంది, లింఫోమా వస్తుంది, ఆ తర్వాత ముదురుతుంది. మూడు క్రియలు, మూడు వేరు సంగతులు. కేన్సర్ సోకింది అని పేపర్లో పడితే చదివినవాళ్ళు రోగికి కంచం వేరు, గ్లాసు వేరు పెడతారు, మందులు వాడుతున్న మనిషికి అంతకన్నా కష్టం ఏముంటుంది చెప్పండి? అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

అంటుకోవడం కూడా ఇదే దారి, తగలడం దెబ్బలకి ఎక్కువ. సంక్రమణని పూర్తిగా కాదనను, ఒకచోటి నుంచి ఇంకోచోటికి దాటడం దాని అర్థం, నైరుతి జపాన్‌లో ఎక్కువగా కనిపించే హెచ్‌టిఎల్‌వి-1 అనే వైరస్ తల్లిపాల ద్వారా బిడ్డకి దాటుతుంది చూశారా, అక్కడ అతుకుతుంది. అక్కడా దాటేది వైరసే, చాలామందికి జీవితాంతం ఏ జబ్బూ రాదు, వచ్చేవాళ్ళకి లింఫోమా దశాబ్దాల తర్వాత. ఇక పల్లెల్లో పెద్దవాళ్ళు ‘మాయరోగం సోకింది’ అంటే నేను తప్పు పట్టలేను, వాళ్ళ లెక్కలో రోగం బయటినుంచి వచ్చి పట్టేదే. కరపత్రంలో మాత్రం వద్దమ్మా.