వెల్డు లావైతే బలం పెరుగుతుందా?

ప్రశ్న: మా ఫ్యాబ్రికేషన్ షాపులో ఉక్కు దూలాలు, స్తంభాలు తయారుచేస్తాము. వెల్డర్లు అనుభవజ్ఞులే అయినా గ్రైండింగ్ చేసి మళ్ళీ వెల్డ్ చేయవలసిన జాయింట్లు ఎక్కువగా వస్తున్నాయి. తనిఖీని కఠినం చేస్తే పని వెనకబడుతోంది, తొందరపెడితే నాణ్యత దెబ్బతింటోంది. ఏమి చేయాలి?

జవాబు: తప్పు వెల్డర్ దగ్గర మొదలైందని అనుకునే ముందు, అతని చేతికి వచ్చిన జాయింటు ఎలా ఉందో చూడండి. డ్రాయింగ్‌లో 6 మి.మీ. ఫిల్లెట్ (రెండు ప్లేట్లు కలిసే మూలలో వేసే త్రికోణపు వెల్డు) ఉందనుకుందాం. ప్లేటు సరిగా కోయకపోవడంవల్ల ఫిట్టర్ 3 మి.మీ. సందు వదిలి టాక్ (ముక్కలను తాత్కాలికంగా పట్టి ఉంచే చిన్న వెల్డు) వేస్తే, ఏడబ్ల్యూఎస్ డి1.1 అనే అమెరికన్ ఉక్కు వెల్డింగ్ కోడ్ ప్రకారం ఆ సందు మేరకు వెల్డు కాలి కొలతను (మూలనుంచి ప్లేటు మీదికి వెల్డు పరుచుకునే దూరాన్ని) పెంచి 9 మి.మీ. వేయాలి. ఫిల్లెట్ అడ్డుకోత వైశాల్యం కాలి కొలత వర్గాన్నిబట్టి పెరుగుతుంది కనుక 18 చదరపు మి.మీ. ఉండవలసినది 40 దాటుతుంది. అంటే కోతలో మిగుల్చుకున్న కొద్ది నిమిషాలకు రెండింతలకు పైగా లోహం, కాలం చెల్లించాలి.

సందు లేకపోయినా, 'ఎందుకైనా మంచిద'ని 6కు బదులు 8 వేసే అలవాటు చాలా షాపుల్లో ఉంది. దానివల్ల లోహం సుమారు 78 శాతం పెరుగుతుంది, అధిక వేడికి ప్లేటు వంగుతుంది, ఆ వంపు తీయడానికి మరొకరు మంట పట్టుకొని కూర్చోవాలి. వెల్డు కొలత చూసే ఫిల్లెట్ గేజి ఇన్‌స్పెక్టర్ జేబులోనే కాక వెల్డర్ జేబులోనూ ఉండాలి.

7018 రాడ్ల (తక్కువ హైడ్రోజన్ పూత ఉన్న వెల్డింగ్ రాడ్ల) విషయంలో మాత్రం రాజీ వద్దు. ప్యాకెట్ విప్పాక వాటిని కనీసం 120 డిగ్రీల సెల్సియస్ ఓవెన్‌లో ఉంచి, నాలుగు గంటల్లోపు వాడగలిగినన్నే బయటికి తీయాలి. తేమ పీల్చిన పూతనుంచి హైడ్రోజన్ వెల్డులోకి చేరితే, పగులు కొన్ని గంటల తరువాతో మరునాడో బయటపడవచ్చు. చల్లారగానే చేసే తనిఖీకి అది దొరకదు.

వేగం విషయానికొస్తే, వెల్డర్ ఆర్క్ వెలిగించి ఉన్న సమయాన్ని ఒక రోజంతా గడియారంతో కొలవండి. మిగిలిన సమయంలో ఎక్కువ భాగం క్రేన్ కోసం ఎదురుచూడటానికో, దూలాన్ని తిప్పడానికో పోతుంటే, కొత్త మెషీను కన్నా జాబ్‌ను తిప్పే ఫిక్స్‌చరే ముందు కొనదగినదని నా అభిప్రాయం. జాయింటును బల్లపరుపుగా తిప్పి వేస్తే పెద్ద రాడ్డు, ఎక్కువ కరెంటు వాడవచ్చు.

ఒక నెలపాటు ప్రతి రిపేరునూ జాయింటు, లోపం, సందు కొలతలతో రాసిపెట్టండి. వెల్డర్ పేరు రాయకండి, రాస్తే లోపాలు దాచడం మొదలవుతుంది. లోపం మళ్ళీ మళ్ళీ వచ్చే జాయింట్లను టాక్ దశలోనే ఆపి చూడండి.