టెక్ సందేహాలు: పెన్ ట్యాబ్లెట్ రెండు తెరల మీదకీ పోతోంది!

ప్రశ్న: ఉబుంటు ల్యాప్‌టాప్‌కి ఇంకో మానిటర్ తగిలించాను. క్రితా అనే బొమ్మల ప్రోగ్రామ్‌లో బొమ్మ వేస్తుంటే పెన్ కర్సర్ రెండు తెరల మీదకీ పోతోంది. సున్నా చుడితే కోడిగుడ్డులా వస్తోంది. ట్యాబ్లెట్‌ని ఒక తెరకి కట్టే ఎక్స్‌సెట్‌వాకమ్ కమాండ్ పనిచేయడం లేదు. కంపెనీ డ్రైవర్ వేసుకోమంటారా?

జవాబు: రెండో మానిటర్ కొన్న ప్రతి ఒక్కరూ అడుగుతున్న ప్రశ్న ఇది. రెండు ఫుల్ హెచ్‌డీ తెరలు పక్కపక్కన పెడితే మొత్తం వెడల్పు 3840, ఎత్తు 1080. మామూలు ట్యాబ్లెట్ గీత ప్రాంతం 16:10 నిష్పత్తిలో ఉంటుంది. దాన్ని అంత వెడల్పుకీ సాగదీస్తే సున్నా రెండింతలకు పైగా అడ్డంగా సాగుతుంది. ఒక్క తెరకే కట్టేసినా తేడా పూర్తిగా పోదు, 11 శాతం మిగులుతుంది. అందుకే తెరను ఎంచుకోవడంతో పాటు నిష్పత్తి నిలిపి ఉంచే ఆప్షన్ కూడా ఆన్ చేయాలి. మానిటర్లు ఎన్ని ఉన్నాయో సిస్టమ్‌కి తెలుసు. అయినా మొదటిసారి పెన్ తగిలించినప్పుడు ఏ తెర కావాలని ఒక్క మాట అడగదు. ఇన్నేళ్లుగా ఇంత చిన్న విషయం సరిచేయకపోవడం నాకు కోపం తెప్పిస్తుంది.

మీ కమాండ్‌లో తప్పు లేదు. అది తెర మీద కిటికీలు చూపించే పాత వ్యవస్థ ఎక్స్11 కోసం రాసింది, మీరు వాడుతున్నది బహుశా దాని స్థానంలో వచ్చిన వేలాండ్. ఉబుంటుతో వచ్చే డెస్క్‌టాప్ గ్నోమ్ సెట్టింగ్స్‌లో వాకమ్ ట్యాబ్లెట్ పేజీ తెరిచి అక్కడే మానిటర్ ఎంచుకోండి. కేడీఈ అనే ఇంకో డెస్క్‌టాప్ వాడేవాళ్లకి సిస్టమ్ సెట్టింగ్స్‌లో డ్రాయింగ్ ట్యాబ్లెట్ పేజీ ఉంటుంది. ఎక్స్11లోనే ఉన్నవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి: కేబుల్ పీకి పెట్టినా, రీస్టార్ట్ చేసినా ఆ మ్యాపింగ్ పోతుంది. కమాండ్‌ని స్టార్టప్‌లో పెట్టుకోవాల్సిందే, కేబుల్ పీకి పెడితే మళ్లీ నడపాల్సిందే.

ఇక డ్రైవర్ సంగతి. నాకు అసలు టెన్షన్ ఇక్కడే. చవక ట్యాబ్లెట్లతో వచ్చే ఇన్‌స్టాలర్లలో కొన్ని సుడో (అడ్మిన్ అధికారం) పాస్‌వర్డ్ అడిగి, ఏ పరికరాన్ని ఎవరు వాడవచ్చో చెప్పే ఒక యూడెవ్ రూల్ రాసి పోతాయి. అందులో నకిలీ కీబోర్డు, మౌస్ సృష్టించే దారి అయిన యూఇన్‌పుట్‌కి 0666 అనుమతి, అంటే ఎవరైనా చదివి రాసే అనుమతి, ఇస్తాయి. అంటే మీ కంప్యూటర్‌లో నడిచే ఏ ప్రోగ్రామైనా, ఏ యూజర్ పేరు మీద నడిచేదైనా, ఒక దొంగ కీబోర్డు సృష్టించి మీ బదులు టైప్ చేయగలదు. టెర్మినల్ తెరిచి కమాండ్ కొట్టినా మీరు కొట్టినట్టే లెక్క. కొన్ని రూల్స్ ఇంకా ఘోరం: కీబోర్డు, మౌస్ లాంటివాటిని నేరుగా చదివే హెచ్ఐడీరా పరికరాలన్నిటికీ అదే అనుమతి ఇస్తాయి. మీ యూఎస్‌బీ కీబోర్డు కూడా ఆ జాబితాలోదే. మీరు కొట్టే బ్యాంకు పాస్‌వర్డ్‌ను ఏ ప్రోగ్రామైనా చదివేయవచ్చు. ఒక ప్రోగ్రామ్ టైపింగ్‌ని ఇంకోటి చూడకుండా వేలాండ్ కట్టిన గోడకు ఇది వెనకనుంచి పెట్టిన కన్నం. బొమ్మలు వేసుకునే పిల్లల కంప్యూటర్లలో ఈ పని చేసి ఒక్క హెచ్చరిక కూడా చూపించని కంపెనీల పరికరాన్ని ఎంత తక్కువ ధరకి ఇచ్చినా నేను కొనమని చెప్పను.

కాబట్టి ముందు డ్రైవర్ లేకుండానే ప్రయత్నించండి. చాలా ట్యాబ్లెట్లకు లినక్స్ గుండె అయిన కెర్నెల్‌లోనే మద్దతు ఉంది. సెట్టింగ్స్‌లో మీది కనిపించకపోతే, ట్యాబ్లెట్ మోడళ్ల వివరాలుండే లిబ్‌వాకమ్ జాబితాలో ఆ మోడల్ చేరలేదేమో చూడండి. డ్రైవర్ ఇప్పటికే వేసి ఉంటే యూడెవ్ రూల్స్ ఫోల్డర్‌లలో ఆ డ్రైవర్ పెట్టిన ఫైలులో మాత్రమే 0666 కోసం వెతకండి. దొరికితే ఆ అనుమతి తీసేసి, మీ ట్యాబ్లెట్ యూఎస్‌బీ ఐడీకి మాత్రమే, కంప్యూటర్ ముందు లాగిన్ అయిన యూజర్‌కే అనుమతి ఇచ్చే యూయాక్సెస్ ట్యాగ్ పెట్టండి. ఫైలు పేరు ముందున్న అంకె 73 కంటే తక్కువ ఉండాలి, లేకపోతే ట్యాగ్ పనిచేయదు. తర్వాత కంప్యూటర్ రీస్టార్ట్ చేయండి.